ముఖం చూపించమన్నారు, నోరు విప్పమనలేదు

చర్మవైద్యుల క్లినిక్కుల్లో ఈ మధ్య ఒక దురలవాటు ప్రబలుతోంది. ముప్ఫై దాటాక కూడా మొటిమలు పోని ఆడవాళ్లు డాక్టరు గారిని ప్రశ్నలు అడుగుతున్నారు. ఒకటీ అరా అయితే పోనీలే అనుకోవచ్చు. ఏకంగా రాసుకుని మరీ వస్తున్నారు. దీన్ని మొగ్గలోనే తుంచకపోతే రేపు పంటి డాక్టరు దగ్గర కూడా జనం నోరు తెరిచి మాట్లాడడం మొదలుపెడతారు.

అసలు మొటిమల విషయంలో రోగి మాట్లాడవలసిన పనే లేదు. ఆ బాధ్యతను లోకం ఏనాడో తన భుజాన వేసుకుంది. పక్కింటావిడ వేడి చేసిందంటుంది. మేనత్త మామిడిపళ్లు మానమంటుంది. ఆఫీసులో ఒకాయన టూత్‌పేస్టు రాయమంటాడు. మందుల షాపు కుర్రాడు చీటీ అడక్కుండానే ఒక ట్యూబు చేతిలో పెడతాడు. నాలుగు రోజులు ముఖం తళతళలాడుతుంది, మానేయగానే కందిపోయి మునుపటికంటే ఎక్కువగా పొక్కుతుంది. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందనీ, అలాంటి క్రీములను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చిందనీ చెప్పి ఆ కుర్రాడి మనసు కష్టపెట్టడం ఎవరికి మాత్రం ఇష్టం? ఇంతమంది ఇన్ని చెప్పాక ఆ ముఖం ఎవరిదో ఆవిడ కూడా మాట్లాడితే గోల తప్ప మిగిలేదేమీ ఉండదు.

డాక్టరు గారి సమయం కూడా చూడాలి కదా. 67 దేశాల లెక్కలు తీసి బీఎంజే ఓపెన్ పత్రిక 2017లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక్కో రోగితో గడిపే సమయం స్వీడన్‌లో సగటున 22.5 నిమిషాలు. మన దేశంలో 2. స్వీడన్‌లో బయట చలి, పాపం, లేవబుద్ధి కాదు కాబోలు. మనవాళ్లు ఆ రెండు నిమిషాల్లోనే కూర్చుని, రసీదు చూపించి, ముఖం చూపించి, చీటీ పుచ్చుకుని లేవాలి. ఇందులో ప్రశ్నకు చోటెక్కడ?

ఈ ప్రమాదాన్ని నేను కళ్లారా చూశాను. నడుము దగ్గర తామర చూపించుకుందామని ఒక పేరున్న క్లినిక్కుకు వెళ్లాను. అక్కడ ఒకరిని చూస్తుండగానే తరువాతి ఇద్దరిని లోపల బల్ల మీద కూర్చోబెడతారు. రోగుల మధ్య దాపరికాలు ఉండకూడదన్న ఉదాత్తమైన పద్ధతి. నా ముందు కుర్చీలో ముప్ఫై అయిదేళ్ల ఆవిడ. దవడ వెంబడి, గడ్డం కింద మొటిమలు. డాక్టరు గారు దూరం నుంచే చూసి, తల పంకించి, కలం తీశారు.

"పెళ్లయిందా అమ్మా?"

"అయిందండీ. ఇద్దరు పిల్లలు. మొటిమలు పెళ్లికీ వచ్చాయి, రెండు బారసాలలకీ వచ్చాయి."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆవిడ సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. పిల్లల లెక్కల పుస్తకంలోంచి చింపిన గళ్ల కాగితం. ఒక వైపు పదమూడో ఎక్కం, రెండో వైపు ఈవిడ వ్యవహారం. ఇదివరకు ఏ మందు ఎన్నాళ్లు వాడిందో, ఏది మంట పుట్టించిందో చదివింది. నెలసరికి వారం ముందు ఎక్కువవుతున్నాయని, నెలసరి కూడా క్రమం తప్పుతోందని, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నాయని చెప్పింది. నేనూ, నా పక్కన కూర్చున్న మరొకాయనా గోడ మీది లేజర్ ప్రకటనను పరీక్షకు చదివినంత శ్రద్ధగా చదువుకున్నాం. "అండాశయాల హార్మోన్లు గతి తప్పే పీసీఓఎస్ ఏమైనా ఉందేమో, హార్మోన్ల పరీక్ష చేయిస్తారా?" అంది. డాక్టరు గారి కలం గాలిలోనే ఆగిపోయింది.

తరువాత ఆయన ఐసోట్రెటినాయిన్ అన్నారు. 1982లో అమెరికాలో అనుమతి పొందిన మందు, మొండి మొటిమలకు బాగా పనిచేసే మందు. ఊరుకోవచ్చు కదా! "ఇది వాడుతుండగా గర్భం వస్తే?" అంది. దాంతో పాపం ఆయన అన్నీ చెప్పవలసి వచ్చింది: బిడ్డకు తీవ్రమైన అవయవలోపాలు రావచ్చని, వాడినంత కాలమూ, ఆపాక ఇంకో నెలా గర్భం రాకుండా చూసుకోవాలని, మొదలుపెట్టే ముందే గర్భపరీక్ష, కాలేయం, కొవ్వు పరీక్షలు ఉంటాయని. చివరికి ముందు పూతమందుతో చూద్దామన్నారు.

దానిమీదా ప్రశ్నలే. గుణం ఎన్నాళ్లకు కనిపిస్తుంది? ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. మొదట్లో ఎక్కువైతే? కావచ్చు, భయపడి మానేయకూడదు. ఎంత రాయాలి? రాత్రిపూట బఠాణీ గింజంత, మొటిమ మీద చుక్కలా కాదు, ముఖమంతా పలుచగా. మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే దిండు గలీబు రంగు పోతుందన్న రహస్యం కూడా బయటపడింది. ఇవన్నీ రోగికి తెలిసిపోతే ఏమవుతుందో ఆలోచించారా? మూడో వారంలో ట్యూబు పారేసి అయిదో వారంలో కొత్త డాక్టరును వెతుక్కునే చక్కని ఆచారం అంతరిస్తుంది. ఒక్క దవడ మీద నలుగురు డాక్టర్లు బతుకుతున్న చోట ఒక్కరే మిగులుతారు.

బయట కౌన్సెలర్ అమ్మాయి, ముఖం మీద పైపొర ఒలిచే పీల్ ప్యాకేజీ కార్డు పట్టుకుని ఎదురుచూస్తోంది. ఇవాళే కడితే రాయితీ అట. "ఇది చేయించుకోకపోతే ఏమవుతుందమ్మా?" అని అడిగింది ఈవిడ. ఆ అమ్మాయి కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. జవాబు రెండు వైపులా లేదు. మందులు మా వీధిలోనే కొనుక్కుంటానని కూడా చెప్పి వెళ్లింది.

దీని వెనుక ఎవరున్నారో నాకు తెలుసు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారుచేసి 17 హక్కులు రాసింది. జబ్బు గురించి తెలుసుకోవడం, రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం, ఏకాంతం, ఆఖరికి మందులు ఎక్కడ కొనాలో ఎంచుకోవడం కూడా అందులో ఉన్నాయి. ఆ పత్రాన్ని ఏ క్లినిక్కు గోడ మీదా నేను చూడలేదు, అంతవరకు నయం. గోడలు లేజర్ ప్రకటనలకే చాలడం లేదు.

ఆవిడ వెళ్లాక నా వంతు. చొక్కా ఎత్తాను. డాక్టరు గారు అలసటగా చూసి ఒక ట్యూబు రాశారు. అందులో ఏముందని నేను అడగలేదు. రెండు నిమిషాలు కూడా కాకుండానే బయటపడ్డాను. దురద వారంలోనే తగ్గింది. ఇప్పుడు తామర నడుము దాటి వీపు ఎక్కింది, అంచులు కూడా సరిగా ఆనడం లేదు. ఎప్పుడు ఆపాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు, ఇంకా రాస్తూనే ఉన్నాను.