అష్టావధానికి గండపెండేరం, మనవాడికి వెయిట్‌లిస్టు

అష్టావధానం చేసినవాళ్ళకు శాలువా కప్పుతాం, గండపెండేరం తొడుగుతాం, మర్నాడు పేపర్లో ఫోటో వేయిస్తాం. అమెరికాలో ఎమ్మెస్ కోర్సు ప్లాన్ నింపి సబ్మిట్ చేసినవాడికి మాత్రం 'మీ ఫామ్ అందింది' అని ఒక మెయిలు వస్తుంది. అదీ తిరిగి జవాబు రాయడానికి వీల్లేని అడ్రసు నుంచి. ఈ అన్యాయాన్ని భాషాభిమానులు ఇంతకాలం ఎలా సహించారో నాకు అర్థం కాదు.

ఈ అవధానం నేను రెండుసార్లు చేశాను. ఒకసారి నాకోసం, రెండేళ్ళ కిందట మా బావమరిది కోసం. రెండోదే కష్టమైంది. మొదటిసారి అజ్ఞానం తోడుగా ఉండేది మరి.

తెలియనివాళ్ళకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ప్లాన్ ఆఫ్ స్టడీ అంటే ఒకే ఒక్క పేజీ. డిగ్రీకి 30 నుంచి 36 క్రెడిట్లు కావాలంటారు, కోర్సుకు మూడు చొప్పున పదీ పన్నెండు గళ్ళు. ఏ సెమిస్టర్లో ఏది చదువుతావో ముందే రాసి, అడ్వైజర్ చేత సంతకం పెట్టించి పైకి పంపాలి. చూడ్డానికి రేషన్ కార్డు దరఖాస్తు కన్నా చిన్నది. ఇక్కడే చాలామంది మోసపోతారు.

మొదట దత్తపది. సభలో పృచ్ఛకుడు ఇడ్లీ, దోసె, వడ, పూరీ అని నాలుగు పదాలిచ్చి భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. ఇక్కడ డిపార్టుమెంటు నాలుగు కోర్ సబ్జెక్టులిచ్చి ఉద్యోగార్థంలో ప్లాన్ రాయమంటుంది. ఆ నాలుగింటిలో ఒకటి ఫాల్‌లో, అంటే ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్లో తప్ప చెప్పరు. ఇంకొకటి చెప్పే ఆయన ఏడాది సెలవు మీద వెళ్ళాడు.

అసలు పరీక్ష నిషిద్ధాక్షరి, అవధాని వేయబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు అడుగడుగునా వద్దనే అంశం. వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, పక్కన రైస్ కుక్కర్ మూత టపటపలాడుతుండగా మా బావమరిది మొదలుపెట్టాడు.

"బావా, రెండు ఆన్‌లైన్ కోర్సులు పడేద్దాం. ఇంట్లోంచే లాగించేస్తా."

నిషిద్ధం. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాడికి ఫాల్, జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ రెండిట్లోనూ ఫుల్‌టైమ్ ఉండాలి, చాలాచోట్ల అంటే 9 క్రెడిట్లు. ఆ లెక్కలోకి సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ కోర్సునే రానిస్తారు.

"సరే, ఈ వేసవిలో ఇంటర్న్‌షిప్ పెడదాం."

నిషిద్ధం. చదువులో భాగంగా బయట పనిచేయాలంటే సీపీటీ అనే అనుమతి కావాలి, అది మామూలుగా ఒక పూర్తి అకడమిక్ ఏడాది గడిచాకే. మనవాడు దిగింది జనవరిలో. వేసవికి ఒక్క సెమిస్టరే అవుతుంది.

"పోనీ వచ్చే ఏడాది నుంచి వరసగా సీపీటీ మీదే ఉండిపోతే?"

అమ్మో! ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు తాకిందంటే ఆ డిగ్రీ మీద ఓపీటీ పోతుంది. ఓపీటీ అంటే చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి దొరికే అనుమతి. ఆ 12 నెలలు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, లెక్కలు) వాళ్ళకు పైన కలిసే 24 నెలలు, వీటికోసమే కదా ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసింది. ఇంత నిషేధంలోనూ పద్యం నడవాలి, యతి కుదరాలి.

ఫలానా సంవత్సరం ఫలానా తేదీ ఏ వారమో చెప్పమనే అంశం ఒకటి అవధానంలో ఉంటుంది. బావమరిదికి అది పుట్టుకతో వచ్చింది. ఏ సబ్జెక్టు పేరు చదివినా వాడు ముందు అడిగేది వారమే.

"అదెప్పుడు బావా?"

"మంగళ, గురు."

"అయితే మంచి సబ్జెక్టే."

ఇందులో నవ్వడానికేం లేదు. క్యాంపస్‌లో ఉద్యోగం వారానికి 20 గంటలు, నలుగురు రూమ్‌మేట్లకు ఒకే కారు. పైగా ఆ 'డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్' సబ్జెక్టు అంటే ఏమిటో వాడికి తెలియదు, మంగళవారమంటే తెలుసు.

ఈలోగా ఫోన్ టింగుమంటూనే ఉంది. మధ్యమధ్య కొట్టే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన ఘంటాగణనం అన్నమాట. సీనియర్ల వాట్సాప్ గ్రూపు. వేదాల్లాగే ఇదీ మౌఖిక సంప్రదాయం. ఇందులో ప్రొఫెసర్లకు పేర్లుండవు, గుణాలే. 'ఎగ్జామ్ పెట్టని మేడమ్', 'గ్రేడు కోసే తాత'. యూనివర్సిటీ కేటలాగు 300 పేజీలు రాసి చెప్పలేనిది ఒక సీనియర్ మూడు మాటల్లో తేల్చేస్తాడు: 'వద్దు బ్రో, చస్తావ్'.

సరిగ్గా అప్పుడే ఖమ్మం నుంచి మామగారి ఫోను. అప్రస్తుత ప్రసంగం లేని అవధానం ఎక్కడైనా ఉందా?

"ఎన్ని సబ్జెక్టులు తీసుకుంటున్నావురా?"

"మూడు నాన్నా."

"మూడేనా? బీటెక్‌లో ఆరుండేవి, పైన ల్యాబులు. మూడిటికి ఇంత ఫీజా?"

"..."

"అందులో ఏఐ ఉందా?"

"అన్నిట్లో ఉంది నాన్నా." ఫోన్ పెట్టేశాక నావైపు తిరిగి, "హోంవర్కు చేసేది అదే కదా బావా" అన్నాడు. అవధానికి ఉండాల్సిన చమత్కారం వాడికుందని నాకు ఆ రాత్రే నమ్మకం కుదిరింది.

ఎందుకీ గండపెండేరం గోల అనేవాళ్ళకు ఒక లెక్క. అమెరికాలోని విదేశీ విద్యార్థులను లెక్కగట్టే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో మాస్టర్స్, ఆపై చదువులవాళ్ళే 1,96,567. వీళ్ళలో తెలుగువాళ్ళు ఎంతమందో తెలియాలంటే శనివారం రాత్రి డాలస్‌లో ఏదో ఒక బిర్యానీ హోటలు ముందు నిలబడండి. ఒకే కాలంలో ఇంతమంది అవధానులు పుట్టిన జాతి మరొకటి ఉందా?

ఏ కోర్సు ఎందుకు ఎంచుకున్నాడో రెండు పేజీల వివరణ రాసి అడ్వైజర్‌కి పంపాం. నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది: 'లుక్స్ గుడ్'. ఇంత జాలిగుండె ఉన్న పృచ్ఛకుణ్ణి నేను ఏ సభలోనూ చూడలేదు.

రిజిస్ట్రేషన్ పొద్దున ఎనిమిదింటికి తెరిచారు. టీబీ పరీక్ష రిపోర్టు ఇవ్వలేదని వాడి అకౌంటు మీద హోల్డు, అది తీసేదాకా ఏ కోర్సూ తీసుకోనివ్వదు. పది గంటలకు అది తీయించుకుని వచ్చేసరికి మెషీన్ లెర్నింగ్ వెయిట్‌లిస్టులో 41వ వాడు. క్లౌడ్ కంప్యూటింగ్ నిండిపోయింది. మిగిలింది ప్రాజెక్టు మేనేజ్‌మెంట్, సోమవారం రాత్రి ఏడింటికి. ప్రతి సెమిస్టరూ దాదాపు ఇంతే.

చివర్లో ధారణ. గ్రాడ్యుయేషన్‌కి అప్లై చేస్తే, ప్లాన్‌నీ చదివినవాటినీ సరిచూసే డిగ్రీ ఆడిట్‌లో ఎర్రగీతలు. ప్లాన్‌లో రాసినవి పది, మార్కుల పత్రంతో కలిసినవి నాలుగు. ఆఫీసులో ఒకావిడ చల్లగా చెప్పింది, సవరించిన ప్లాన్ పెట్టేయమని. బావమరిది మార్కుల పత్రం పక్కన పెట్టుకుని, రెండేళ్ళలో ఏం చదివాడో అదే చదవబోతున్నట్టు కొత్త ప్లాన్ రాశాడు. సభలో అయితే చెప్పిన పద్యాన్నే అప్పజెప్పాలి. ఇక్కడ అప్పజెప్పినదాన్ని బట్టి పద్యం దిద్దుకోవచ్చు. ఆ సాయంత్రమే అనుమతి వచ్చింది: 'లుక్స్ గుడ్'.

ఆ ఫామూ మార్కుల పత్రమూ రెండూ ఫోటో తీసి ఖమ్మం పంపాడు. మామగారు కళ్ళజోడు పెట్టుకుని వరసవారీగా సరిచూశారట. ఇప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాడికీ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నారు.

"చూడండి, రెండేళ్ళ ముందే రాసుకున్నాడు. ఒక్కటి తప్పలేదు."