సీనియారిటీ వేరు, సర్వీసు వేరు

మొన్న రాజాం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, గ్రూప్-2 ఉద్యోగ పరీక్షకి ఇంక చదవను. వేరే శాఖకెళ్తే గ్రామ సచివాలయంలో చేసిన సర్వీసంతా పోతుందట కదా" అన్నాడు. వాడికి టెన్షన్ పట్టించింది ఒక వాట్సాప్ మెసేజ్. శ్రీకాకుళం, విజయనగరం ఉద్యోగుల గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. శాఖ మారితే సర్వీసు సున్నా, 35 దాటాక పరీక్షలు దండగ, ఉన్నచోటే ఉంటే ప్రమోషన్ దానంతటదే వస్తుంది. ఇదీ అందులో ఉన్నది.

"సర్వీసు సున్నా" అన్నది తప్పు. సున్నా అయ్యేది సీనియారిటీ, అంటే ఆ శాఖలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరుస. సర్వీసంటే మొత్తం ఉద్యోగం చేసిన కాలం. కొత్త శాఖలో మనం కొత్తవాళ్లమే, అది నిజం. సొంత కోరికతో వేరే జిల్లాకు బదిలీ అయినా సీనియారిటీలో ఆఖరి స్థానమే ఇస్తారు. సర్వీసునీ సీనియారిటీనీ కలిపేసి జనాన్ని భయపెడుతున్నారు. నేను పంచాయతీ కార్యదర్శిగా చేరి, గ్రూప్-2 రాసి రెవెన్యూకి వచ్చినవాణ్ణి. నా సర్వీసు రిజిస్టరు ఒకటే. ఎదురెదురు పేజీల్లో రెండు శాఖల ముద్రలున్నాయి. ఈఎల్స్ (సంపాదిత సెలవులు) నిల్వ అలాగే వచ్చింది. సీపీఎస్ పెన్షన్ పథకంలో నా ఖాతా సంఖ్య, అదే ప్రాన్ నంబరు, కూడా మారలేదు. పాత జీతం తగ్గకుండా చూసే నిబంధనలు ప్రభుత్వ ఉద్యోగుల జీతభత్యాల నియమాలైన ఫండమెంటల్ రూల్స్‌లోనే ఉన్నాయి. అయితే ఒక్క షరతు: ఆఫీసు అనుమతితో దరఖాస్తు చేయాలి, "వేరే ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికి" అని రాసి రిలీవ్ చేయించుకోవాలి. చెప్పకుండా ఉత్త రాజీనామా ఇచ్చేస్తే మాత్రం మెసేజ్‌లో రాసిందే జరుగుతుంది.

వయసు మాటకొస్తే, 2023 గ్రూప్-2 నోటిఫికేషన్‌లో చాలా పోస్టులకు పరిమితి 42 ఏళ్లు. రాష్ట్ర ప్రభుత్వ రెగ్యులర్ ఉద్యోగికి సర్వీసును బట్టి ఐదేళ్ల వరకు సడలింపు కూడా ఉంది.

ఇక మూడోది, ప్రమోషన్ దానంతటదే వస్తుందన్న మాట. దీనివల్ల నష్టపోయినవాళ్లను కళ్లారా చూశాను, అందుకే కోపం. ప్రమోషన్‌కి ఖాళీ ఉండాలి, సీనియారిటీ ఉండాలి, ఆ పోస్టుకు చెప్పిన డిపార్ట్‌మెంటల్ టెస్టులూ (శాఖాపరమైన పరీక్షలు) పాసై ఉండాలి. ఏపీపీఎస్సీ (రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్) ఆ టెస్టుల్ని మామూలుగా ఏడాదికి రెండు విడతలు పెడుతుంది. ప్యానెల్ ఏడాది, అంటే ప్రమోషన్ల జాబితా లెక్కించే ఏడాది, సెప్టెంబరు 1న మొదలవుతుంది. నాతోపాటు చేరిన ఒకాయన ఆ టెస్టుల్లో ఒకటైన అకౌంట్ టెస్టు "వచ్చే విడత చూద్దాంలే" అంటూ రెండేళ్లు గడిపాడు. తనకంటే వెనక చేరిన అమ్మాయి సీనియర్ అసిస్టెంట్ అయిన రోజు ఆయన మధ్యాహ్నం అన్నం తినలేదు.

ఈ ఆదివారం తమ్ముడు శ్రీకాకుళం వస్తున్నాడు. అనుమతి లెటర్ నేనే దగ్గరుండి రాయిస్తాను. రెండు కాపీలు. ఒకదాని మీద తేదీ వేయించి, అందినట్టు సంతకం తీసుకోమని చెప్పాను.