నేల కృతఘ్నతపై అభియోగ పత్రం

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల చల్క నేలలు, అంటే ఎర్రటి ఇసుక నేలలు, రైతుల పట్ల చూపుతున్న కృతఘ్నతను ఇకపై ఉపేక్షించడం తగదు. 45 కిలోల యూరియా బస్తాను ప్రభుత్వం సుమారు 266 రూపాయలకే ఇప్పిస్తుంటే, దాని కోసం మనం తెల్లవారక ముందే సొసైటీ ముందు చెప్పులనూ పాసుపుస్తకాలనూ వరుసలో పెట్టి కాచుకుంటున్నాం. అయినా ఈ నేల ఏటేటా ఇంకో బస్తా అడుగుతున్నదే తప్ప గింజను పెంచడం లేదు.

పైగా ఫిర్యాదు కూడా మన మీదే. 2015లో మొదలైన భూసార కార్డులో పన్నెండు అంశాలుంటే, అందులో సేంద్రియ కర్బనం అర శాతంలోపే ఉందని రాయించుకున్నది. ఆముదం, కంది, జొన్న పోయి వానాకాలం, యాసంగి రెండూ వరే అయినప్పుడు, హార్వెస్టర్ వదిలిన కొయ్యకాళ్లకు అగ్గి పెట్టక ఏం చేస్తాం? కర్బనం ఆకాశానికి పోయిందంటే అది ఆకాశం చేసుకున్న అదృష్టం. ఎరువు కోసం గొర్ల మందను రాత్రిళ్లు చేన్లో ఆపించుకొని కాపరికి గింజలు కొలిచిచ్చే అనాగరిక పద్ధతిని మనం ఎప్పుడో వదిలించుకున్నాం. జీలుగ, జనుము చల్లి పూత దశలో కలియదున్నితే నత్రజనితో పాటు సేంద్రియ పదార్థమూ దక్కుతుందని అధికారులు చెబుతారు గానీ, అమ్ముకోవడానికి పనికిరాని పంటను పెంచడం ఏ శాస్త్రమో వారే చెప్పాలి.

అసలు పెద్ద నేరం పరారీ. గట్లు చెరిపి సాళ్లలో కలుపుకున్నామనీ, వాలుకు అడ్డంగా కాక వాలు వెంటే దున్నామనీ సాకు చెప్పి, గట్టి వాన పడ్డ ప్రతిసారీ పై మట్టి చెరువులో దూరుతుంది. చెరువుల పునరుద్ధరణ పథకమైన మిషన్ కాకతీయలో ప్రభుత్వం పూడిక తీయించినప్పుడు, ఆ పరారీ మట్టినే మనం ట్రాక్టర్ కిరాయి పెట్టి చేనుకు తెచ్చుకున్నాం. చల్కలో తేమను నిలిపేదీ, పోయిన ఒండ్రును తిరిగిచ్చేదీ అదేనని ఒప్పుకోక తప్పదు. తెచ్చి పోసిన మరుసటి కారుకే మళ్లీ వాలు వెంట దున్నాం; ట్రాక్టర్ల వారికీ ముందు ముందు పని ఉండాలి కదా.

న్యాయం కోసం నేల తరఫు సాక్షిగా వానపామును పిలిపించాలనుకున్నాం. గుళికల మందు వేసిన మడి అంతా తవ్వించినా ఒక్కటీ దొరకలేదు. సాక్షులు లేనందున విచారణను ఏకపక్షంగా ముగించి, ఎకరాకు మరో బస్తా అదనంగా వేయాలని తీర్పు చెప్పడమైనది.