పళ్లు చూడని పాలసీ

ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ ఒక్కసారి చూసినా చాలు, ఈ సంగతి తెలుస్తుంది. జతను బరిలోకి దించే ముందు మూతి పట్టుకుని పళ్లు చూసి వయసు కడతారు. పాలపళ్ల దూడలది ఒక విభాగం, రెండు పళ్లవాటిది మరొకటి, తర్వాత నాలుగు పళ్లు, ఆరు పళ్లు, చివరికి సీనియర్లు. పాలపళ్ల దూడకు సీనియర్ల బండ కడతానని ఎవరైనా అంటే నిర్వాహకులు ఒప్పుకోవడం అటుంచి, చుట్టూ చేరిన రైతులే తిట్టి పంపిస్తారు. అదే రైతు మొన్ననే పద్దెనిమిది నిండిన కొడుక్కి మొదటి కారుగా టర్బో బండి కొనేటప్పుడు మాత్రం పళ్లు చూసే మనిషి కనపడడు. షోరూము చూడదు. లోను ఇచ్చే బ్యాంకు తండ్రి ఆదాయం చూస్తుంది గానీ స్టీరింగు పట్టేది ఎవరని అడగదు. ప్రమాదాన్ని లెక్కగట్టడమే వృత్తిగా పెట్టుకున్న బీమా కూడా అడగకపోవడమే వింత.

మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బీమాకు కేంద్ర రవాణా శాఖ ప్రకటించే ప్రీమియం పట్టికలో పెట్రోలు, డీజిలు కార్లను తరగతులుగా విడదీసే కొలత ఒక్కటే, ఇంజిన్ సీసీ, అంటే ఇంజిన్ పరిమాణం. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1000 సీసీ వరకు ఏడాదికి 2,094 రూపాయలు, అక్కడి నుంచి 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897. చిన్న ఇంజిన్ అంటే నెమ్మది బండి అనుకునే రోజుల్లో ఈ కొలతకు అర్థముండేది. చిన్న ఇంజిన్ నుంచే ఎక్కువ శక్తి రాబట్టే టర్బోలు వచ్చాక పోయింది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ ఇంజిన్ 998 సీసీ, శక్తి 120 పీఎస్. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ 1197 సీసీ, శక్తి 82 పీఎస్. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి కాబట్టి స్విఫ్ట్ కొన్నవారు 10,640 రూపాయలు కడతారు, ఎన్ లైన్ కొన్నవారు 6,521 కడతారు. జీఎస్టీ వేరే. ఇంటిల్లిపాదినీ పెళ్లిళ్లకు తిప్పే బండికి 4,119 రూపాయలు ఎక్కువ, కాలు ఆనిస్తే లంఘించే బండికి తక్కువ! ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే సొమ్ము ఇది అని గుర్తుంచుకుంటే ఈ లెక్కలోని విడ్డూరం ఇంకా బాగా అర్థమవుతుంది.

సొంత బండి దెబ్బతింటే వర్తించే ఓన్ డ్యామేజీ భాగంలో 2007 నుంచి ధర కంపెనీల ఇష్టం. అక్కడా ప్రధానంగా చూసేది బండి విలువ, సీసీ, బండి ఎన్నేళ్లది, ఏ ఊళ్లో రిజిస్టరైంది అనేవే. చెన్నై, హైదరాబాదు జోన్-ఏలో ఉంటాయి, మన నెల్లూరు, ఒంగోలు జోన్-బీలోకి వస్తాయి కాబట్టి కాస్త చవక. ఫారంలో డ్రైవరు వయసుకు గడి ఉన్నా, షోరూములో ఆ గడి నిండేది తండ్రి వయసుతోనే.

మన జిల్లాల నుంచి బ్రిటన్‌కు చదువుకు వెళ్లి అక్కడ కారు కొనబోయిన పిల్లలు మొదట బిత్తరపోయేది దీని దగ్గరే. ఆ దేశంలో చాలాకాలంగా కార్ల మోడళ్లను 1 నుంచి 50 దాకా బీమా గ్రూపులుగా విడదీస్తూ వచ్చారు. ఇరవై ఏళ్లవాడు పై గ్రూపు కారు అడిగితే ఏడాది ప్రీమియం ఒక్కోసారి ఆ పాత కారు ధరనే మించిపోతుంది. దాంతో మోజు ఉన్నా చిన్న ఇంజిన్ దగ్గర ఆగుతాడు. తండ్రిని అసలు డ్రైవరుగా చూపించి కొడుకు నడిపితే అక్కడ దాన్ని మోసం కింద లెక్కగట్టి పాలసీ రద్దు చేస్తారు. ఇక్కడ అది ఆనవాయితీ. 'బండి మా అబ్బయ్యకే, పేరు మాత్రం నాది' అని షోరూములో గట్టిగానే చెబుతారు. చట్టప్రకారం తప్పేమీ లేదు. మన పాలసీ బండిని బట్టి నడుస్తుంది, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న ఎవరు నడిపినా వర్తిస్తుంది.

అయితే ఆ ఆనవాయితీలో ఒక గొయ్యి ఉంది. పాలసీ కాగితంలో ఓనర్-డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా, 15 లక్షల రూపాయలు అని ఒక వరస ఉంటుంది. ప్రీమియం లెక్కలో అది కనబడగానే కొడుక్కి రక్ష ఉందనుకుంటారు. లేదు. ఆ 15 లక్షలు ఆర్‌సీలో పేరున్న మనిషికే, అదీ ఆయన నడుపుతున్నప్పుడో పక్క సీట్లో ఉన్నప్పుడో మాత్రమే. తండ్రి పేరున ఉన్న కారును కొడుకు ఒక్కడే కొత్తపట్నం బీచికి తీసుకెళ్తూ కల్వర్టును గుద్దితే ఆ వరస అతనికి పనికిరాదు. ఇంకో మెలిక కూడా ఉంది. యజమానికి లైసెన్సు ఉంటేనే ఆ కవరు చెల్లుతుంది. జీవితంలో స్టీరింగు పట్టని టంగుటూరు పొగాకు రైతు పేరున ఆ కవరు తీసుకుంటే అది ఎవరికీ అక్కరకు రాదు.

మరి థర్డ్ పార్టీ నుంచి రాదా అంటే, తన తప్పుతో తానే ప్రమాదం చేసినవాడు థర్డ్ పార్టీ కాడు. కర్ణాటకలో 2014లో వేరేవారి కారును అతివేగంగా నడుపుతూ బోల్తా కొట్టి చనిపోయిన ఒకరి కుటుంబం 80 లక్షల పరిహారం కోరింది. ట్రిబ్యునల్ ఇవ్వలేదు, హైకోర్టు ఇవ్వలేదు, 2025 జులైలో సుప్రీంకోర్టు కూడా జోక్యానికి నిరాకరించింది. కొడుకు సంపాదనపరుడైతే కారు అతని పేరునే కొనాలని మేము చెప్పేది ఇందుకే. 15 లక్షలూ అతనికి వర్తిస్తాయి, క్లెయిము లేని ఏళ్లకు వచ్చే బోనస్ కూడా అతని ఖాతాలోనే పెరుగుతుంది. మొదటి ఏడాది తర్వాత 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతానికి చేరే ఆ రాయితీ మనిషి వెంట వస్తుంది, బండి వెంట పోదు. తండ్రి పేరున కొనక తప్పకపోతే కొడుకు పేరు రాయించి అదనపు ప్రమాద కవరు అడగాలి, లేదా విడిగా ఒక ప్రమాద బీమా తీసుకోవాలి. అలాయ్ వీల్స్‌కు పెట్టే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

నెల్లూరు దర్గామిట్టలో రాజరాజేశ్వరి అమ్మవారి గుడి ముందు కొత్త కారుకు పూజ జరిగే తీరు చూడండి. బానెట్ మీద పసుపు కుంకుమలు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, గుమ్మడికాయ దిష్టి. పాలసీ కాగితం మాత్రం షోరూము ఇచ్చిన ప్లాస్టిక్ కవరులోంచి బయటకు రాకుండా డ్యాష్‌బోర్డు అరలోకి వెళ్లిపోతుంది. దాని మొదటి పేజీలోనే రెండు గడువు తేదీలుంటాయి. థర్డ్ పార్టీకి మూడేళ్ల తర్వాతి తేదీ, ఓన్ డ్యామేజీకి చాలావరకు ఏడాది తర్వాతి తేదీ. 'మూడేళ్ల ఇన్సూరెన్స్ కట్టేశాం' అన్న ధీమాతో రెండో ఏడాది రెన్యువల్ మరిచిపోయి, ముందు భాగం నుజ్జయ్యాక గ్యారేజీలో ఆ రెండో తేదీని మొదటిసారి చూసేవారున్నారు. గడువు దాటి 90 రోజులు గడిస్తే పోగైన బోనస్ కూడా పోతుంది.

ఇక కారు ఎంపిక. కుర్రాళ్లకు కుదురైన కారే కొనిపెట్టండని పాఠం చెప్పే ఉద్దేశం మాకు లేదు. ఇరవై ఏళ్ల వయసులో ఎర్ర కారు కావాలనిపించకపోతేనే ఆశ్చర్యపోవాలి. కాకపోతే స్పోర్టీ అంటే ఏమిటో మన రోడ్లను బట్టి చూడాలి. చీమకుర్తి దారిలో గ్రానైట్ దిమ్మెలతో కదిలే లారీల వెనక, కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన పల్లె దారుల్లో, చీకటి పడ్డాక తోక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు ఎదురయ్యే చోట కారు ఎంత త్వరగా వంద అందుకుంటుందన్నది కాదు, ఎంత నిటారుగా ఆగుతుందన్నదే సత్తా. అందుకని వెనక రెక్కలాంటి స్పాయిలర్ ఉన్న వేరియంటా, బండి జారి పట్టు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్న వేరియంటా అన్న ప్రశ్న వస్తే రెండోదే కొనాలి. రెండూ కలిసి వచ్చే బండ్లూ ఉన్నాయి. మన చెన్నై-కోల్‌కతా హైవే మీద కార్లకు గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లే. సింగరాయకొండ దగ్గర అదే హైవే మీద రన్‌వే వేసింది అత్యవసరంగా దిగే విమానాల కోసం.

స్పోర్టీ కార్లకు అందం తెచ్చే పల్చటి టైర్లు గుంతలో పడితే పక్కగోడ చీలుతుంది. కారుకు ఇంకే దెబ్బా తగలకుండా టైరు ఒక్కటే పోతే మామూలు పాలసీ పైసా ఇవ్వదు. కారుతోపాటు దెబ్బతిన్నా కొత్త టైరు ధరలో సగమే. బంపర్ వంటి ప్లాస్టిక్ భాగాలకూ సగం కోసేస్తారు. విడిభాగాల మీద ఈ కోత లేకుండా చేసే, బంపర్ టు బంపర్ అని మనవాళ్లు పిలిచే జీరో డిప్రిసియేషన్ కవరు కొత్త డ్రైవరుకు తొలి రెండు మూడేళ్లు దండగ ఖర్చు కాదు.

నీటి సంగతి నెల్లూరువారికి విడిగా చెప్పాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే కోసుకుపోయింది. అంత వరద అక్కర్లేదు, ఒక గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి, రామలింగాపురం అండర్‌బ్రిడ్జి నిండుతాయి. ముందు వెళ్లిన ఆటో దాటింది కదా అని నేలకు దగ్గరగా ఉండే కారును దించితే మధ్యలో ఆగుతుంది. అప్పుడు చేసే పొరపాటు మళ్లీ స్టార్ట్ కొట్టడం. గాలి పోయే దారిలో నీళ్లు చేరి ఇంజిన్ లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. కారు మునిగినందుకు బీమా వస్తుంది గానీ, మునిగాక స్టార్ట్ చేసినందుకు పాడైన ఇంజిన్‌కు మామూలు పాలసీలో రాదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అని వేరే కవరు ఉంది. ఉన్నా సరే, తాళం ముట్టుకోకుండా తోయించుకుని బయటపడటమే మేలు.

కొన్నాక మొదలయ్యే ముచ్చట్లు ఇంకో తంటా. సైలెన్సర్ మార్పించడం, స్ప్రింగులు కోయించి కిందికి దించడం, కంప్యూటరులో ఇంజిన్ మ్యాపు మార్చి శక్తి పెంచడం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. చెప్పకుండా మార్పులు చేసిన బండికి క్లెయిము పెడితే సర్వేయరు మొదట చూసేది వాటినే. ఇక పోటీలు, వేగ పరీక్షలు పాలసీలోనే మినహాయింపులు. రాత్రిపూట బైపాస్‌లో తీసి స్నేహితులకు పంపిన వీడియో మర్నాడు బీమా కంపెనీకి సాక్ష్యం.

సెకండ్‌హ్యాండ్‌లో 2022తో ఆగిపోయిన పోలో జీటీ లాంటి బండికి కుర్రాళ్లలో ఇంకా గిరాకీ ఉంది. కొంటే 14 రోజుల్లోగా పాలసీ పేరు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ దానంతటదే కొత్త యజమానికి మారుతుంది, ఓన్ డ్యామేజీ మారదు. అమ్మినవారి బోనస్ రాయితీని అలాగే వాడుకోవడం కుదరదు.

లైసెన్సు గురించి రెండు మాటలు. పదిహేడేళ్ల పిల్లవాడికి తాళమిస్తే సెక్షన్ 199ఏ కింద తండ్రికో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. లైసెన్సు లేనివాడు ప్రమాదం చేస్తే చాలా కేసుల్లో బీమా కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకుంటుంది. అక్కడికి వచ్చేసరికి కోవూరులోనో కొండపిలోనో ఉన్న రెండెకరాలు లెక్కలోకి వస్తాయి.

ఇంత భారం కుటుంబాల మీదే వేసి ప్రభుత్వం తప్పుకోవడం న్యాయం కాదు. థర్డ్ పార్టీ పట్టికను సీసీతో కాక ఇంజిన్ శక్తితో కట్టాలి. 82 పీఎస్ బండి కంటే 120 పీఎస్ బండికి తక్కువ తీసుకునే పద్ధతిని రవాణా శాఖ ఏ లెక్కతో సమర్థించుకుంటుంది? 15 లక్షల కవరును యజమానికి కాక, లైసెన్సుతో నడిపే కుటుంబ సభ్యులందరికీ వర్తింపజేయాలి, అందుకు ప్రీమియం కాస్త పెరిగినా జనం కడతారు. నడిపే తీరును బట్టి ప్రీమియం తగ్గించే పాలసీలకు బీమా నియంత్రణ సంస్థ 2022 జులైలోనే అనుమతి ఇచ్చింది. నెల్లూరు, ఒంగోలు షోరూముల్లో వాటి ఊసు వినపడదు. కారు తాళం ఇచ్చే రోజున ఫొటో తీయడానికి ఒక మనిషిని పెడుతున్న డీలర్లు, పాలసీలో ఎవరికి ఎంత వర్తిస్తుందో తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోవడానికి మరో మనిషిని పెట్టలేరా? జిల్లా రవాణా అధికారులు ముందుగా ఆ పని మొదలుపెట్టించాలి.