గంటలో ఆరిపోతానన్న శాటిన్ పెయింటు గారికి

మహారాజరాజశ్రీ నీళ్ళ శాటిన్ పెయింటు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి చేయి రావడం లేదు. మీరు కుశలంగానే ఉన్నారు. మా పడకగది తలుపే కుశలంగా లేదు. నిన్న రాత్రి మూసిన తలుపును ఈ ఉదయం తెరవబోతే ద్వారబంధాన్ని వదిలి రానంది. రెండు చేతులా పట్టి లాగాను. పుండు మీద పట్టీని ఒక్క ఊపున పీకినట్టు చప్పుడు చేస్తూ వచ్చింది. వస్తూ వస్తూ ద్వారబంధం మీదున్న మిమ్మల్ని రెండంగుళాల మేర ఒలుచుకుని మరీ వచ్చింది. ఒలిచిన చోట పాత నూనె పెయింటు, అదే ఎనామెల్, నిగనిగలాడుతూ బయటపడింది. అది నన్ను చూసి నవ్విందని నా అనుమానం.

మీరు మా ఇంటికి వేంచేసి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. డబ్బా మీద ఉన్నది మళ్ళీ తీసి చదివాను. గంటలో ఆరుతుంది, ఘాటు వాసన ఉండదు, కుంచెను నీళ్ళతో కడుక్కోవచ్చు. మూడూ నిజాలే. నా బాధంతా అదే. అబద్ధమాడిన వాడిని నిలదీయవచ్చు. నిజాల్లో తనకు పనికివచ్చినవి మాత్రమే ఏరి చెప్పేవాడిని ఏమని నిలదీయాలి?

ఆరడం అనే మాటకు మీ ఇంట ఒక అర్థం, మా ఇంట ఇంకొకటి. మీ ఒంట్లో ఉన్నది నీళ్ళలో తేలే సన్నని రెజిన్ రేణువులు, అంటే జిగురులాంటి పదార్థం. నీళ్ళు ఆవిరైపోయాక అవి దగ్గరకు జరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పొరగా మారాలి. నీళ్ళు పోవడానికి గంట చాలు. వేలు పెట్టి చూసుకుని మురిసిపోతాం. ఆ పొర పూర్తిగా గట్టిపడడానికి మాత్రం రెండు మూడు వారాలు కావాలి, చలిలోనూ తేమలోనూ ఇంకా ఎక్కువ. ఈ రెండో లెక్క కూడా డబ్బా మీద ఉంది, కాదనను. వెనక వైపు, అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఈలోగా మీ పొరలు రెండు ఎదురుపడి ఒత్తుకుంటే చాలు, కౌగిలించుకుని విడవవు. ఈ కౌగిలికి పెయింటు రసాయనజ్ఞులు ‘బ్లాకింగ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. అంటే మీ గుణం మీ వాళ్ళకు ముందే తెలుసు.

మీకు ముందు మా తలుపులను ఏలిన ఎనామెల్ గారు మొరటు మనిషి. ఆయన అడుగుపెట్టారంటే రెండు రాత్రులు కిటికీలు బార్లా తెరుచుకుని, తల పట్టుకుని పడుకోవలసిందే. కుంచె కడగాలంటే టర్పెంటైన్, చేతులు కడగాలన్నా అదే. తెల్లగా వేస్తే ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కేవారు. అదీ ఎండ తగిలే చోట కాదు, వెలుతురు సోకని అల్మారా లోపల. కానీ ఆయనలో ఒక పెద్దరికం ఉండేది. కుంచె గీతలు పడితే నింపాదిగా సర్దుకుని చదును చేసేవారు. ఎక్కడైనా కారితే, చూసుకుని దిద్దుకునేంత వ్యవధి ఇచ్చేవారు.

మీ దగ్గర దిద్దుబాట్లు కుదరవు. తలుపు సగానికి వచ్చాక పైన మీ పొరలో కుంచె వెంట్రుక ఒకటి కనిపించింది. ఒకే ఒక్క వెంట్రుక, కనుబొమ్మ నుంచి రాలినంత. కుంచె కొసతో మెల్లగా తీద్దామనుకున్నాను. అప్పటికి పది నిమిషాలైనా అయి ఉండదు. కుంచె తగిలీ తగలగానే మీరు పాల మీది మీగడలా ముడుచుకుపోయారు. ఆ ముడతను సరిచేయబోతే గాడి పడింది, గాడిని పూడ్చబోతే అంచు లేచింది. ఇప్పుడు మా తలుపు మీద సరిగ్గా కంటి ఎత్తున జానెడు మచ్చ ఉంది. పక్క నుంచి వెలుతురు పడితే మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మీది అద్దంలాంటి మెరుపు కాదు, పట్టులాంటి మెరుపు కనుక లోపాలు దాగుతాయని ఎవరో అనగా విన్నాను. ఆ అన్నవారు పక్క నుంచి చూసి ఉండరు.

ఆ వెంట్రుక రాలడం నా తప్పేనట. ఎనామెల్‌కు వాడిన పందివెంట్రుకల కుంచెనే మీకూ వాడాను. అవి నీళ్ళు తాగి ఉబ్బి మెత్తబడతాయి. మీకు నైలాను, పాలిస్టరు పోగుల కుంచెలే కావాలి. కుంచెకు నిండుగా పెయింటు తీసుకుని, తడి అంచు ఆరకముందే పక్క పట్టీ కలిపి, పై నుంచి కిందికి ఒక్క తేలికపాటి గీత లాగి, ఆపైన చేతులు కట్టుకుని దూరంగా నిలబడాలి. ఇదంతా మచ్చ పడ్డాక తెలిసింది.

ఇక మీ అసలు పట్టింపులు అడుగు పొర దగ్గర బయటపడతాయి. పాత ఎనామెల్ మెరుపు మీద నేరుగా వేశాను కనుకనే ఊడారట. ముందు జిడ్డు పోయేలా కడగాలి, మెరుపు చచ్చేదాకా ఉప్పుకాగితం పట్టాలి, ఆ దుమ్మును తడిగుడ్డతో తుడవాలి, తర్వాత పట్టునిచ్చే ప్రైమరు వేయాలి. (పాత ఇల్లైతే అడుగు పొరల్లో సీసం ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లో చేరుతుంది. ఈ పాపం మీది కాదు, మీ తాతలది. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.)

ఇంతవరకూ ఏ రంగూ వేయని చెక్క మీదైనా సుఖపడ్డామా? నీళ్ళు తగలగానే అది గగుర్పొడిచినట్టు నూగు లేపింది. మొదటి కోటు ఆరాక 240 నంబరు ఉప్పుకాగితంతో దాన్ని బుజ్జగించాలి. చెక్కలో ముడి ఉందా, మూడు కోట్లు వేసినా గోధుమరంగు మరక పైకి తేలి పలకరిస్తుంది. దాన్ని ముందే లక్క సీలరుతో మూసి ఉండవలసింది. ఇంత ఆధునికులు మీరు, చివరికి లక్కపురుగు సాయం లేనిదే ఒక ముడిని దాచలేకపోయారు!

ఇనుము దగ్గర మీ ధైర్యానికి దండం పెట్టాలి. తుప్పుకు కారణం నీళ్ళని చిన్నపిల్లలకూ తెలుసు. మీరు ఆ నీళ్ళనే వెంటబెట్టుకుని ఇనుమును కాపాడడానికి బయలుదేరారు. కిటికీ చట్రానికి తెల్ల కోటు వేసిన సాయంత్రానికే ప్రతి మేకు తల మీదా నారింజరంగు చుక్క లేచింది. పదకొండు మేకులు, పదకొండు చుక్కలు. చట్రానికి తట్టు పోసినట్టుంది. మీ కంటే ముందు తుప్పునాపే ప్రైమరు ప్రతి మేకుకూ, గ్రిల్లులో ప్రతి చువ్వకూ పట్టి ఉండవలసిందట. అంటే మీరు గంటలో ఆరడం కోసం మేము ముందు మూడు రోజులు, వెనక మూడు వారాలు సమర్పించుకోవాలి. వడ్డీ వ్యాపారులు ఇంకొంచెం మొహమాటపడతారు.

ఆ వాసన సంగతి కూడా తేల్చుకుందాం. చెక్కకూ లోహానికీ వేసే పెయింటులో గాలిలో కలిసే కర్బన పదార్థాలు లీటరుకు 130 గ్రాములు దాటరాదని యూరోపియన్ యూనియన్ 2010 నుంచి మీ జాతికి హద్దు పెట్టింది. ఎనామెల్ జాతికి 300. మీరు ఆయన కంటే మర్యాదస్థులే, ఒప్పుకున్నాను. కానీ 130 అంటే సున్నా కాదు. డబ్బాలో మీరు కుళ్ళిపోకుండా కలిపే మందులు కొందరి చర్మానికి పడవు కూడా. కిటికీ తెరవనక్కర్లేదన్నట్టు నటించవద్దు.

ఇన్ని తిట్టినా మిమ్మల్ని వదిలి ఎనామెల్ గారి దగ్గరకు తిరిగి వెళ్ళను. తలుపు చెడిందే కానీ, ఈ తొమ్మిది రాత్రులూ తలనొప్పి లేకుండా నిద్రపోయాను. వచ్చే నెల తలుపును మళ్ళీ గీకి, కడిగి, ప్రైమరు పట్టి, మిమ్మల్నే వేస్తాను. నా కోరిక ఒక్కటే. డబ్బా ముందు వైపు ‘గంటలో ఆరుతుంది’ అన్న మాట పక్కనే, అంతే లావు అక్షరాలతో, ‘కానీ తలుపు మూయకండి’ అని రాయించండి.

ఇట్లు,
తలుపులు బార్లా తెరుచుకుని బతుకుతున్న
మీ విధేయుడు

తా.క.: ఇది రెండో ప్రతి. మొదటిది రాసి, మీరే వేసిన అల్మారా అరలో పెట్టి, ఎగిరిపోకుండా పైన నిఘంటువు బరువు పెట్టాను. గంట దాటింది కదా అనుకున్నాను. సగం ఉత్తరం చేతికి వచ్చింది, మిగతా సగం అరలోనే చదువుకోవచ్చు.