హ్యాండిల్‌బార్ మీద కూర్చోబోయే సైకిల్ జీపీఎస్ మీటర్ దొరగారికి, శ్రీకాకుళం నుంచి

దొరగారూ,

మిమ్మల్ని కొందామని అడుగుతుంటే ఒకడు గార్మిన్ అంటాడు, ఒకడు వాహూ అంటాడు, డబ్బులు చూసుకునేవోడు బ్రైటనో ఐజీపీస్పోర్టో తీస్కో బావా అంటాడు, నువ్వు తొక్కేది ఎక్కడ అని మాత్రం ఎవడూ అడగడు. నేను తొక్కేది కళింగపట్నం బీచ్ దాకా, బల్లపరుపు రోడ్డు. మీ పెద్ద మోడల్లో కొండకి రంగులేసి ఇంకెంతుంది, వాలెంత అని చూపించే స్క్రీనుందట, దాన్నెక్కడ వాడమంటారు? ఈ వైపున్నది సాలిహుండం కొండ, మీరు రంగులేసుకునేలోపే అయిపోద్ది, స్తూపాలు చూసి దిగిపోడమే. అసలు కొండ కావాలంటే ఎస్.కోట దాకా పోయి అనంతగిరి ఘాట్ ఎక్కాలి, ఎప్పుడో ఓసారి ఎక్కేదానికి అంత రేటా!

ఎత్తంటే గుర్తొచ్చింది, మీ కడుపులో బారోమీటర్ ఉంటాది కదా. గాలి ఒత్తిడి ఒక్క మిల్లీబారు తగ్గితే సుమారు 8 మీటర్లు ఎక్కేశాననుకుంటారు. ఆల్ప్స్‌లో సరే, ఇది తుఫాన్ల జిల్లా దొరా. 2018 అక్టోబర్లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటిది ఇంకోటొచ్చి ఒత్తిడి 20 మిల్లీబార్లు పడిందనుకోండి, మిమ్మల్ని ఆన్ చేసి కరెంటు లేని ఇంట్లో మంచమ్మీద కూర్చున్నా నేను 160 మీటర్లు ఎక్కినట్టే, బయట కొబ్బరిచెట్లన్నీ కిందకొస్తుంటే నేనొక్కణ్ణే పైకెళ్తున్నట్టు లెక్క.

ఇంక మీ ఎఫ్‌టీపీ. సుమారు గంటసేపు ఆగకుండా తొక్కగలిగే పవరంట అది. దానికోసం 20 నిమిషాలు ఆపకుండా ఊపిరందనంత తొక్కి ఆ సగటు పవర్లో 95 శాతం రాసుకోమంటారు. రాసుకుంటాం, ఆపకుండా 20 నిమిషాలు తొక్కనిచ్చే రోడ్డేదో మీరే చెప్పండి. కోతలప్పుడు సగం రోడ్డు ధాన్యం ఆరబోత, మిగతా సగం గేదెలు, రథసప్తమికి అరసవల్లి వైపు నడవడానికే చోటుండదు. ఊరి మొదట్లో కుక్క మాత్రం, తొక్కే బలం కొలిచే పవర్ మీటర్ ఖర్చు లేకుండా మంచి స్ప్రింట్ చేయిస్తాది. ఆ పవర్ మీటరూ మీతో రాదు, పెడల్స్‌లో ఉండే రకం రేటు నా సైకిల్ కంటే ఎక్కువ. గుండె వేగం చూసే బెల్టు వేరే, పెడల్ నిమిషానికెన్నిసార్లు తిరిగిందో లెక్కెట్టే కేడెన్స్ సెన్సార్ వేరే. దొరగారు ఒక్కరే రారన్నమాట, పరివారంతో వస్తారు.

మే నెల ఉక్కలో గుండె ఊరికే ఎక్కువ కొట్టుకుంటాది, పొద్దెక్కితే సముద్రం గాలి ఎదురొచ్చి స్పీడు పడిపోద్ది, ఈ రెండూ చూసి ఫిట్‌నెస్ తగ్గిందని మొహం మాడ్చుకునేది మళ్ళీ మీరే. మా మావయ్యయితే "ఏటిరా బావూ, కళింగపట్నం కొత్తగా దూరం జరిగిందేటి, రోజూ కొలుస్తావా?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

"ఫోన్లో రాదేటి" అని కూడా అడిగాడు. వస్తాది మావయ్యా, కానీ ఎండలో అద్దంలా నా మొహమే కనిపిస్తాది, చెమట వేలికి టచ్ పలకదు, ఇంటికొచ్చేసరికి బ్యాటరీ అయిపోద్ది. అందుకే ఇంత తిట్టి కూడా కొంటున్నాను. బటన్లున్న చిన్న మోడల్ చాలు, ఎండలో అంకెలు కనపడాలి, సెన్సార్లతో వైరు లేకుండా మాట్లాడే యాంట్ ప్లస్, బ్లూటూత్ రెండూ ఉండాలి, గుండె బెల్టొకటి పట్టుకోవాలి. మ్యాపులొద్దు, దారి తప్పితే టీ కొట్టు దగ్గర అడుగుతాను, వాడు ముందున్న గోతుల సంగతి కూడా చెప్తాడు.

పెద్ద మోడల్ అన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ముందు ఈ సైకిల్ ఈఎంఐ తీరనివ్వండి.

ఇట్లు,
మీకు త్వరలో చార్జింగ్ పెట్టబోయేవాడు