క్లచ్ ‘సెట్ అవుతుంది’ అని ఊరుకోకండి

‘క్లచ్ ప్లేటు మార్పించారా? బండి వణికినా, వాసన వచ్చినా కంగారు పడకండి. వెయ్యి కిలోమీటర్లకు దానంతట అదే సెట్ అవుతుంది. గేరు పడకపోతే పెడల్ రెండుసార్లు తొక్కండి. జారుతుంటే కేబుల్ బిగించుకోండి. ప్లేటొక్కటే మార్పించండి, సెట్టు మొత్తం మార్చమనేది గ్యారేజీల దోపిడీ. బెంగళూరు ట్రాఫిక్‌లో క్లచ్ పోతే ఎవరూ బాధ్యులు కారు.’

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోకి ఈ సందేశం రావడం ఇది మూడోసారి. ఈసారి పెట్టింది మూడో అంతస్తు నెల్లూరు బాబాయ్‌గారు. ఆయన కారుకు పోయిన వారమే క్లచ్ మార్చారు. అందుకే చూసీ చూడనట్టు ఊరుకోలేకపోతున్నాను.

నేనూ ఇదే మాట నమ్మి దెబ్బతిన్నవాణ్ణే. రెండేళ్ల కిందట ఒక గ్యారేజీలో క్లచ్ మార్పించాను. మొదటి గేరులో కదిలేటప్పుడల్లా బండికి చలిజ్వరం వచ్చినట్టుండేది. అడిగితే మెకానిక్ ‘సెట్ ఆగుత్తె సార్, ఓడ్సి నోడి’ (సెట్ అవుతుంది సార్, నడిపి చూడండి) అన్నాడు. సరేనని నడిపాను. పదిహేను రోజులకు తిరుపతి వెళ్లాం. తిరుగు ప్రయాణంలో బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తోంది, బండి మాత్రం లేవడం లేదు. క్లచ్ జారడమంటే ఇదే. కాలిన వాసన ముందు పోతున్న లారీదేమో అని మా అత్తగారు కిటికీ ఎత్తించారు. వాసన మాదే. క్రేన్‌కు కట్టి పలమనేరు చేర్చారు. గేర్‌బాక్స్ దించి చూస్తే కొత్త ప్లేటు నూనెలో వేయించినట్టుంది. ఆయిల్ బయటికి రాకుండా ఆపే ఇంజన్ వెనక సీలు కారుతున్నా దాన్ని ముట్టుకోకుండా కొత్త ప్లేటు వేసేశారన్నమాట. మొదటి గ్యారేజీవాళ్లను అడిగితే, ‘మీరు హాఫ్ క్లచ్‌లో (పెడల్ సగం తొక్కి ఉంచి) నడిపారు’ అన్నారు. పదిహేను రోజులు ఆగినందుకు నా చేతిలో ఆ మాటకు జవాబు లేకుండా పోయింది.

ఇక ఆ సందేశంలో నిజమెంతో చూద్దాం. ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు పట్టుకునేది దాన్నే. కొత్త ప్లేటు మీది రాపిడి పొర (లైనింగు), ఫ్లైవీలు ముఖం ఒకదానికొకటి అరిగి కుదురుకోవాలి. అందుకు కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపమంటారు. మొదట్లో కాస్త వాసన రావచ్చు, పెడల్ పట్టుకునే చోటు కొంచెం మారవచ్చు. కుదురుకునేది ఆ రెండు ముఖాలే. కారే సీలు కుదురుకోదు. ప్లేటు కూర్చునే గేర్‌బాక్స్ షాఫ్టు పళ్లకు ఎక్కువ గ్రీజు పూస్తే అది చిమ్మి ప్లేటుకు అంటుతుంది, ఇక పోదు. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువు షాఫ్టు మీద వేలాడితే ప్లేటు మధ్య భాగం వంగుతుంది. ఎన్ని కిలోమీటర్లు తిప్పినా అది తిన్నగా కాదు. ప్లేటుకు ఇటూ అటూ ఉంటాయి, ఏ వైపు ఫ్లైవీలుకు ఉండాలో సాధారణంగా దానిమీదే గుర్తు ఉంటుంది. తిరగేసి బిగిస్తే క్లచ్ సరిగ్గా విడవదు.

అన్నిటికంటే తేలికైన కారణం ఇంకొకటి ఉంది. గేర్‌బాక్స్ దించడానికి, ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ బండికి పట్టి ఉంచే మౌంటింగ్ బోల్టులు విప్పుతారు. అవి సరిగ్గా బిగియకపోయినా ఇదే వణుకు. ఇది చూడడానికి గేర్‌బాక్స్ దించక్కర్లేదు కాబట్టి మొదట అక్కడే చూడమనండి. నా లెక్క ఇది: రోజురోజుకీ తగ్గే వణుకైతే ఆగొచ్చు, మూడు రోజులైనా అలాగే ఉన్నా, పెరిగినా వెనక్కి తీసుకెళ్లాల్సిందే.

‘పెడల్ రెండుసార్లు తొక్కండి’ అనేది మందు కాదు, రోగలక్షణం. కేబుల్ బదులు ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్‌లో పెడల్ బలాన్ని మోసేది బ్రేక్ ఫ్లూయిడే. పైపులో గాలి చేరితే ఆ గాలి నలుగుతుంది తప్ప బలం అవతలికి పోదు. రెండోసారి తొక్కితే ఎలాగో పని జరుగుతుంది. దానికి కావలసింది గాలి తీయడం, అంటే బ్లీడింగ్. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేక్‌కూ ఫ్లూయిడ్ డబ్బా ఒకటే. అందులో మట్టం తగ్గుతుంటే అది క్లచ్ గొడవతో ఆగదు. ఆ ఫ్లూయిడ్ బలంతో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ కొన్ని మోడళ్లలో గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు గూడు లోపలే ఉంటుంది. అది కారితే గేర్‌బాక్స్ మళ్లీ దించాల్సిందే.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. బండి నిలిపి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి నాలుగంకెలు లెక్కపెట్టి రివర్స్ వేయండి. కర్రుమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్న అనుమానం గట్టిది.

కేబుల్ బిగించమన్న సలహా మరీ తలకిందులు. పెడల్‌కు కాస్త వదులు ఉండాలి. క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కితే దాన్ని నొక్కి పట్టు విడిపించేది రిలీజ్ బేరింగ్. వదులు లేకుండా బిగిస్తే ఆ బేరింగ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేటును నొక్కుతూనే ఉంటుంది, పట్టు ఇంకా తగ్గుతుంది. పరుగెత్తే ఎద్దుకు పలుపు విప్పినట్టు. పైగా హైడ్రాలిక్ బండికి కేబులే ఉండదు! (బైకువాళ్లకు ఒక మాట. సర్వీసు తర్వాత క్లచ్ జారుతుంటే ముందు ఆయిల్ డబ్బా చూడండి. క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే బైకులకు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైకు ఆయిల్ ప్రమాణం) అని ఉన్నది పోయాలి, కారు ఆయిల్ కాదు.)

సెట్టు, అంటే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ మార్చమనడం దోపిడీయేనా? ప్లేటు ఒక్కటైతే చవకే. గేర్‌బాక్స్ దించే కూలీ మాత్రం ప్లేటుకైనా సెట్టుకైనా ఒకటే. ఆర్నెల్లకు పెడల్ తొక్కగానే రిలీజ్ బేరింగ్ గుర్రుమంటే ఆ కూలీ మళ్లీ కట్టాలి. ఫ్లైవీలు సంగతి వేరు. దాన్ని అవసరం లేకపోయినా మార్చమనేవాళ్లు ఉన్నారు. విప్పినప్పుడు ఫోటో పంపమనండి. వేడికి నీలంగా కమిలిన మచ్చలుంటే లేత్ మీద చెక్కించి నునుపు చేయించాలి, లేదా మార్చాలి. డీజిల్ కార్లు చాలావాటికి ఉండే డ్యుయల్ మాస్ ఫ్లైవీలు (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండేది) మామూలుగా లేత్‌కు పనికిరాదు. బెంగళూరులో బండి సామాన్ల కొట్లుండే జేసీ రోడ్డులో మీరే సామాను కొనిస్తే కొంత మిగులుతుంది కానీ, తేడా వస్తే కొట్టువాడు మెకానిక్‌నీ, మెకానిక్ కొట్టువాణ్ణీ చూపిస్తారు.

చివరిది ట్రాఫిక్. సిల్క్‌బోర్డు, టిన్ ఫ్యాక్టరీ లాంటి బెంగళూరు రద్దీ కూడళ్ల దగ్గర హాఫ్ క్లచ్‌లో పాకితే ప్లేటు తొందరగా అరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ నా పాత ప్లేటు ఇదే ఊళ్లో, ఇదే కాలి కింద 68,000 కిలోమీటర్లు నడిచింది. కొత్తది పదిహేను రోజులకే పోతే ఆ తప్పు సిల్క్‌బోర్డుదెలా అవుతుంది? డబ్బు తీసుకుని చేసిన రిపేరు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవే. లోపం ఉంటే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా దారి చెబుతారు. అయితే బిల్లుండాలి. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అంటే నేను తలూపాను, అందుకే నా కథ పలమనేరులోనే ముగిసింది. తేడా కనబడ్డ రోజే కిలోమీటర్ల రీడింగుతో సహా గ్యారేజీకి మెసేజ్ పెట్టండి. విప్పిన పాత సామాను అడిగి తెచ్చుకోండి.

బాబాయ్‌గారూ, మీ మీద కోపంతో రాసింది కాదిది. ఆదివారం పొద్దున కాఫీ తాగాక బేస్‌మెంట్‌కు రండి, మీ బండికి ఆ రివర్స్ పరీక్ష చేద్దాం. బిల్లుంటే అదీ తీసుకురండి.